పది దాకా లెక్క

భార్యను కొట్టి అరెస్టయిన మగవాళ్ళను కోర్టు నా దగ్గరికి పంపిస్తుంది. ఇరవయ్యారు వారాల క్లాసు. వచ్చేవాళ్ళలో సగం మంది తప్పు నేనే చేసినట్టు గుడ్లురిమి చూస్తారు. ఒక్కడు మాత్రం ముందు వరసలో కూర్చుని బుద్ధిగా నోట్సు రాసుకునేవాడు. ఆఫీసులో మేం అతనికి ‘క్లాస్ ఫస్ట్’ అని పేరు పెట్టుకున్నాం. నిజం చెప్పొద్దూ, అతన్ని చూస్తే నాకు ముచ్చటేసేది.

క్లాసు అయ్యాక నేను ఆఖరిసారి వాళ్ళింటికెళ్ళి చూసి, ‘మారాడు’ అని సంతకం పెడితే కేసు ముగిసిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతోందని అడిగే హక్కు ఎవరికీ ఉండదు.

నేను అలా వెళ్ళిన రోజు టీ అతనే పెట్టి తెచ్చాడు. ఏడేళ్ళ కూతురు బొమ్మకు రంగులేస్తూ మోచెయ్యి తగిలించి, నీళ్ళ గ్లాసు నా ఫైలు మీద ఒలకబోసింది. అతను చిరునవ్వుతోనే కళ్ళు మూసుకున్నాడు.

“ఒకటి...”

కోపమొస్తే పది దాకా లెక్కపెట్టమని నేర్పింది నేనే. మనసులో శభాష్ అనుకున్నాను.

“రెండు...” భార్య లేచి బల్లమీది కత్తెరను సొరుగులో పెట్టేసింది. “మూడు...” పాప తన కళ్ళజోడు తీసి, మడిచి, పెట్టెలో దాచింది. “నాలుగు...” తల్లి కిటికీలు మూసింది. “ఐదు...” పాప వెళ్ళి గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. రోజూ చేసే ఇంటిపనిలా చేసుకుపోయారు.

ఎనిమిది దగ్గర అతను కళ్ళు తెరిచాడు. “చూశారా మేడమ్, కోపం పోయింది,” అని, తుడిచే గుడ్డ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

నేను ఆమె వైపు వంగాను. “మళ్ళీ చెయ్యి చేసుకున్నాడా అమ్మా?”

“లేదండీ. ఒట్టు.”

“మరి పది దాకా వస్తే ఏమవుతుంది?”

“తెలీదండీ. ఇంతవరకూ మేం రానివ్వలేదు.”

ఆ సంగతి రాయడానికి నా కాగితంలో గడి లేదు. సంతకం పెట్టకుండానే కలం మూసేశాను. “చెప్పులేసుకోండి. ఇద్దరూ నాతో వచ్చెయ్యండి,” అన్నాను. తల్లి బిగుసుకుపోయింది. ముందు పాపే లేచొచ్చి నా వేలు పట్టుకుంది. అప్పుడు తల్లీ లేచింది.

వీధి తలుపు గొళ్ళెం తీస్తుంటే వంటింటి గుమ్మంలోంచి అతని గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, తొందరా లేదు.

“తొమ్మిది,” అన్నాడు.