పెద్దక్క ఎంచిన హోటలు

ఆసుపత్రి వంటశాలకి తనిఖీలో మొదటి స్థానం వచ్చిందన్న కబురు డైట్ మేడమ్ తెచ్చింది. ఏ రోగికి ఏ పూట ఏం పెట్టాలో రాసిచ్చేది ఆవిడే.

"శుభ్రతకి బాగానే వేశారు. రుచికి మాత్రం మనకి వేసినన్ని మార్కులు ఇంకెవరికీ వెయ్యలేదట. సూపరింటెండెంటుగారు మనందర్నీ ఓ సాయంత్రం బయటికెళ్లి హుషారుగా భోంచేసి రమ్మన్నారు. ఖర్చు ఆసుపత్రిదే. ఎక్కడికన్నది పెద్దక్క చెప్పాలి."

పెద్దక్క సూపు గిన్నెలో తెడ్డు తిప్పుతోంది. ఇరవై రెండేళ్లుగా ఆ వంటశాలకి ఆమే పెద్ద. వయసులో ఆమెని మించిన స్టోరు బాబాయి కూడా ఆమెని పెద్దక్కనే అంటాడు. రుచి అన్న మాట చెవిన పడగానే ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

మూడు నెలల కిందట ఆమెకి జ్వరం వచ్చి వారంలో తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ముక్కునీ నాలుకనీ కూడా పట్టుకుపోయింది. ఉల్లిపాయ వాసన లేదు, పాల వాసన లేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మెత్తగా ఉందనీ వేడిగా ఉందనీ తెలుస్తుంది, అంతే. రోగుల వంటలో కారం ఎలాగూ ఉండదు. మొగుడు కడుపులో పుండున్న మనిషి కాబట్టి ఇంట్లోనూ లేదు. తినడం కూడా ఆమెకి ఓ డ్యూటీ అయిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ముక్కు పోయిన వంటమనిషిని ఏ వంటశాల ఉంచుకుంటుంది? ఉప్పు చెంచాలతో కొలిచి వేసేది. గరిటె పెదాల దాకా తెచ్చి, కళ్లు మూసుకుని, "సరిపోయింది" అనేది. అలా రోజుకి మూడు పూటలు. ఇంటికెళ్లేసరికి కాళ్లు పీకేవి సరే, అబద్ధమాడి ఆడి మొహం కూడా నొప్పెట్టేది.

ఇప్పుడీ విందొకటి వచ్చి పడింది. నిరుడు ఎవరిదో పెళ్లిలో వీళ్లంతా ఒకే వరసలో కూర్చుని, ప్రతి వంటకానికీ ఆమె మొహంలోకి చూశారు. "పెద్దక్కా, ఇందులో ఏం తగ్గింది?" అని. ఆమె తీర్పు ఇస్తేగానీ ఎవరూ రెండో ముద్ద ఎత్తలేదు.

స్టోరు బాబాయి నిప్పుల మీద మాంసం కాల్చే చోటికి వెళ్దామన్నాడు. ట్రాలీలు తోసే అక్కచెల్లెళ్లిద్దరూ ఎప్పుడూ వెళ్లే హోటలే మేలన్నారు. రెండూ గండమే అనుకుంది పెద్దక్క. ఆ రాత్రి ఇంటికెళ్తుంటే, బస్సు కిటికీలోంచి కొత్తగా తెరిచిన జపాను హోటలు కనబడింది. అద్దం వెనక తెల్ల టోపీ మనిషి అరచేతిలో అన్నం ఉండ నొక్కి, దాని మీద పచ్చి చేప ముక్క పెడుతున్నాడు. వీళ్లలో ఒక్కరూ అది తిన్నవాళ్లు కారు. ఎలా ఉండాలో తెలిస్తే కదా ఏం తగ్గిందని అడుగుతారు.

"సుషీకి వెళ్దాం," అంది మర్నాడు.

"పచ్చి చేపా?" అంది చువ్వ. పెద్దక్క తర్వాత వంట బాధ్యత ఈమెది. సన్నగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. "రోజూ చేప సరిగ్గా ఉడికిందా లేదా అని ప్రాణం తీసేది నువ్వు. ఇప్పుడు పచ్చిది తినమంటావా?"

"పొయ్యి దగ్గర చచ్చేది చాలదా? ఒక్క పూట పొయ్యి ఎక్కనిది తిందాం."

ఆ మాటకి అందరూ మెత్తబడ్డారు. కానీ తేదీ కుదరడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మంగళవారం అక్కకి కుదిరితే చెల్లెలికి కుదరదు. బాబాయి మోకాళ్లు కింద కూర్చోనివ్వవు. డైట్ మేడమ్ చేపే ముట్టదు. సాయంత్రం వంటకి రెండో షిఫ్టువాళ్లని బతిమాలుకోవాలి. తెల్లారుజామున అయిదింటికి పొయ్యి వెలిగించే పెద్దక్క, మధ్యమధ్యలో స్టోరు గదిలోకి దూరి హోటలుకి ఫోను చేసేది.

"ఆరుగురమండీ. పచ్చి చేప తిననివాళ్లు నలుగురు. కింద కూర్చోలేని ఆయన ఒకాయన. చేప వాసనే పడని ఆవిడ ఒకావిడ."

అవతలి మనిషి అన్నీ రాసుకున్నాడు. "దోసకాయతో చేసినవి ఉన్నాయండీ. గుడ్డుతో చేసినవీ, ఉడికించిన రొయ్యలూ ఉన్నాయి. కుర్చీలు కూడా ఉన్నాయి. రండి."

శుక్రవారం సాయంత్రం అందరూ వచ్చారు. వంటవాడి ఎదురుగా, పొడుగాటి బల్ల ముందు వరసగా కూర్చున్నారు. అక్కచెల్లెళ్లు ఒకే రంగు చీరలు కట్టుకుని, అనుకోకుండా జరిగిందని అందరికీ చెబుతున్నారు. తినడానికిచ్చిన జంట పుల్లలు పట్టుకోవడం రాక చువ్వ ఒక రొయ్యని బాబాయి ఒళ్లో పడేసింది. బాబాయి దాన్ని తీసి తినేశాడు. ఆ నవ్వుల మధ్య పెద్దక్క ఎప్పుడింటికి వెళ్లి నడుం వాలుస్తానా అనుకుంటూ కూర్చుంది.

పళ్లెం మూల పచ్చటి ముద్ద ఒకటుంది. బాబాయి అది ఆకుకూర అనుకుని మొత్తం నోట్లో వేసుకున్నాడు. మరుక్షణం బల్ల గట్టిగా పట్టుకున్నాడు. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. "అది వసాబి అండీ, ఆవపిండికన్నా ఘాటు," అన్నాడు వంటవాడు. అక్కచెల్లెళ్లు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు.

పెద్దక్క తన పళ్లెంలోది చూసింది. ఏదైనా ఒకటేగా అనుకుని సగం ముద్ద నాలుక మీద వేసుకుంది. మొదట ఏమీ లేదు. తర్వాత ముక్కు లోపల, కళ్ల వెనక, సూది గుచ్చినట్టు చుర్రుమంది. మంట నడినెత్తి దాకా పాకింది. మూడు నెలల్లో ఆ ముక్కుకి ఏదైనా తెలియడం అదే మొదలు. ఇంకొంచెం తీసుకుంది. మళ్లీ చుర్రుమంది. కళ్లు తుడుచుకుంటున్న కొద్దీ నిండిపోతున్నాయి. అది ఘాటు వల్లేననుకుని అందరూ నవ్వుతున్నారు.

"మా పెద్దక్క, వంటశాల పెద్ద," అని బాబాయి ముక్కు చీదుకుంటూ వంటవాడికి పరిచయం చేశాడు.

వంటవాడు చేతులు తుడుచుకున్నాడు. "అలాగా అమ్మా. అయితే మీరే చెప్పాలి. అన్నంలో పులుపు సరిపోయిందా?"

అందరూ ఆమెవంక చూశారు. కళ్లు మూసుకుని తలాడిస్తే అయిపోయేది. ఆ ఒక్క తలాడింపుకి కూడా ఆమెకి ఓపిక లేకపోయింది.

"తెలీదు బాబూ. నాకు మూడు నెలల్నుంచీ రుచి తెలీట్లేదు. వాసనా లేదు."

చువ్వ తన పుల్లలు పళ్లెం మీద పెట్టింది.

"నాకు తెలుసు పెద్దక్కా," అంది మెల్లగా. "ఓ రోజు పాలు మాడి గదంతా కంపు కొడుతుంటే, నువ్వు ఆ పక్కనే నిలబడి క్యారెట్లు తరుగుతున్నావు. అప్పట్నుంచీ నువ్వటు తిరగ్గానే నేను రుచి చూస్తున్నాను. నీ కొలత తప్పేది కాదులే. ఓ అయిదారుసార్లు ఉప్పేశాను."

"మరి ఇన్నాళ్లూ నాచేత ఆ వేషం ఎందుకు వేయించావే?" అంది పెద్దక్క.

"నాకు తెలిసిందని తెలిస్తే పనిలోకి రావడం మానేస్తావేమోనని."

డైట్ మేడమ్ మొహంలో నవ్వు లేదు. "నాకు చెప్పాల్సింది. ఉప్పు పడని రోగులున్నారు."

"వాళ్లది మొదట్నుంచీ తూకంతోనే వేస్తానండీ. అందులో ఏనాడూ తేడా రాలేదు."

"రాకపోయినా చెప్పాల్సింది." అంది మేడమ్. "సోమవారం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. రుచి చూసే పని చువ్వ పేరున రాస్తాను. మిగతాదంతా మీదే. మీరు లేకపోతే ఆ వంటశాల ఒక్క పూట నడవదు."

పెద్దక్కకి సిగ్గేసింది, కోపమూ వచ్చింది. వాటి కింద ఎక్కడో, బరువైన గిన్నె దింపినప్పుడు భుజాలు తేలికపడ్డట్టు కూడా అనిపించింది. వంటవాడు ఆమె ముందు గుడ్డు ముక్క ఒకటి పెట్టాడు.

"ఎలా ఉంటుందిది?" అని వాళ్లనే అడిగింది.

"తియ్యగా ఉంది," అంది అక్క. "పిల్లలకి పెట్టేలా."

"తీపెక్కడుంది? చప్పగా ఉంది," అంది చెల్లెలు.

"మీ ఇద్దరికీ నాలుకల్లేవు. కాస్త తీపి, కాస్త ఉప్పు, అడుగున పులుపు," అంది చువ్వ.

బాబాయికి ఆ ముద్ద తర్వాత ఏదీ తెలియడం లేదట. వాళ్లు అలా వాదులాడుకుంటుంటే పెద్దక్క నెమ్మదిగా నమిలింది. నోటికి మెత్తదనం, చల్లదనం తప్ప మరేమీ తెలియలేదు. అయినా ఆ పూట ఆమె పళ్లెంలో ఏమీ మిగల్చలేదు.

డాక్టరు ఖాయంగా ఏదీ చెప్పలేదు. ముక్కుకి మళ్లీ అలవాటయ్యేలా రోజూ నాలుగు సీసాల్లోని సువాసన నూనెలు వాసన చూడమన్నాడు. నెలలు పట్టొచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. చువ్వ అందరి ముందే రుచి చూడడం మొదలుపెట్టింది. మొదట్లో పెద్దక్క అలాంటప్పుడు పక్కకి తిరిగిపోయేది. తర్వాత్తర్వాత తనే చువ్వని పిలవడం అలవాటు చేసుకుంది. జ్వరం తగ్గిన ఏడో నెలలో ఓ మధ్యాహ్నం, చేతులు కడుక్కుంటుంటే సబ్బు వాసన లీలగా తగిలింది. తిండి వాసన ఇంకా ఏదీ రాలేదు.