గడ్డి దూడ, గోబీ మంచూరియా

హలో... వినబడుతోందా? నేనేనండీ, దానియేలు అంకుల్‌ని. అన్నాలు తిన్నారా అందరూ? తినకపోతే తిని రండి. ఇది తిండి కథ, ఖాళీ కడుపుతో కూర్చుంటే మధ్యలో లేచి వంటింట్లోకి పోతారు.

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "మామయ్యా, నేను వీగన్ అయిపోయిన" అంది. అంటే ఏంటమ్మా అని అడిగాను. మాంసం, గుడ్డే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరట. "ఓస్, అదా! మా సామేలు ఎప్పుడో అయిపోయాడు" అన్నాను. పిల్ల కొంచెం చిన్నబుచ్చుకుంది. తనే మొదలనుకుంది పాపం. అప్పుడే అనుకున్నాను, ఈ సంగతి మీకు కూడా చెప్పాలని.

తొంభై ఆరో, తొంభై ఏడో. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయి, యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ పక్కన ఒక జిరాక్స్ షాపులో పనిచేసేవాణ్ని. సీతాఫల్‌మండిలో ఒక గది. ఆ గదిలో నాతోపాటు సామేలు. జనగామ వైపు పల్లెటూరి వాడు, ఎమ్మెస్సీ బాటనీ. వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోతే, అమ్మ లచ్చమ్మ ఒక బర్రెను పెట్టుకుని, పాలు అమ్మి చదివించింది. నేను వాడికంటే నాలుగైదేళ్ళు పెద్ద, అందుకని అన్నా అనేవాడు.

వాడు అవేవీ తినడు. మాంసం తినడు, గుడ్డు తినడు, పాల చాయ్ తాగడు. అప్పట్లో దానికి మాకు పేరు తెలియదు. ప్రేమ్ కుమార్ అని ఇంకొక దోస్తు ఉండేవాడు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఇల్లు. వాడు సామేలును ఊరికే వదిలేవాడు కాదు.

"ఏరా పంతులూ, జంధ్యం ఎప్పుడు వేసుకుంటున్నావు?"

"పంతులు నెయ్యి పోసుకుంటడు రా. నేను అది గూడ పోసుకోను."

"మరి నువ్వు ఎవడివి రా?"

"బాటనీ వాణ్ని. ఆకులు తింట."

నెలకొకసారి ముగ్గురం తార్నాక చౌరస్తా దగ్గర టైర్ల షాపు మీద ఉన్న చైనీస్ హోటల్‌కి పోయేవాళ్ళం. మేడమీద కాబట్టి దాన్ని 'పై చైనీస్' అనేవాళ్ళం. ఎర్ర కాగితం లాంతర్లు, మూలన ఒక చేపల తొట్టి, మొహాలు కూడా సరిగా కనబడనంత లైటు. అక్కడ సామేలుకు తిండి దొరకడమంటే పెద్ద తతంగం. యాదగిరి అనే సర్వర్ ఉండేవాడు.

"వెజ్ నూడుల్స్‌ల గుడ్డు ఉంటదా అన్నా?"

"లేదు సార్, పక్కా వెజ్. ఎగ్ ఒక్కటే ఉంటది."

"మరి సూపు?"

"అది గూడ వెజ్జే సార్. నీళ్ళే చికెన్‌వి."

చివరికి మూకుడు కడిగించి, గుడ్డు లేకుండా వట్టి కార్న్‌ఫ్లోర్‌లో ముంచి వేయించిన గోబీ మంచూరియా, తెల్లన్నం. నెలనెలా అదే. ప్రేమ్ చికెన్ ముక్క ఫోర్కుకు గుచ్చి వాడి ముక్కు ముందు ఆడించేవాడు. సామేలు పచ్చిమిరపకాయల వెనిగర్ పోసుకుని తన మానాన తను తినేవాడు.

ఎందుకు మానేశావని ఒకసారి నేనే అడిగాను. గదిలో బట్టలు ఉతుక్కుంటూ చెప్పాడు.

"మా బర్రె ఈనిందన్నా. దూడ సచ్చిపోయింది. దూడ లేకపోతే బర్రె చేపదు గదా, పాలియ్యదు. అందుకని ఆ దూడ తోలు తీయించి, అండ్ల గడ్డి కుక్కి, నాలుగు కట్టెలు కాళ్ళలెక్క పెట్టి ముందర నిలబెట్టిన్రు. అది బిడ్డే అనుకుని నాకుకుంట పాలిచ్చింది. రోజూ పొద్దుగాల ఆ గడ్డి దూడను మోసుకపోయి నిలబెట్టేది నేనే. ఎనిమిదో తరగతి అప్పుడు. ఎండకాలం వచ్చేసరికి తోలు చినిగి గడ్డి బయటకొచ్చింది. అది ఆ గడ్డిని గూడ నాకింది. గప్పటిసంది పాలు గొంతు దిగుతలేవు. పాలే తాగనప్పుడు కూర ఎట్ల తింట? అది గూడ మానేసిన."

బట్టలు ఆరేసుకున్నాం.

ఇప్పుడు హన్నా సంగతి చెప్పాలి. ప్రేమ్ వాళ్ళ పిన్ని కూతురు, క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్లో ఉండి ఎమ్మే చదివేది. నోట్సు జిరాక్స్ చేయించుకోవడానికి మా షాపుకు వచ్చి, అక్కడ సామేలును చూసింది. తర్వాత జిరాక్స్ పని లేకపోయినా వచ్చేది. రెండేళ్ళు గడిచాక పెళ్ళి మాట వచ్చింది. లచ్చమ్మ ఒప్పుకుంది. మిగిలింది హన్నా వాళ్ళ నాన్న ఆనందరావుగారు. బాపట్ల దగ్గర హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. ఆయన పట్నం వచ్చి అబ్బాయిని చూసి, కలిసి భోంచేసి, అవునో కాదో అప్పుడే చెబుతానన్నారు.

ఆ కలిసి భోంచేయడమే అసలు పరీక్ష. హన్నా మా షాపు బెంచీ మీద కూర్చుని చెప్పింది.

"మా తాతకు ఊరి హోటల్లో గ్లాసు విడిగా పెట్టేవాళ్ళు. మా నాన్న అది చూస్తూ పెరిగాడు. అందుకే బల్ల దగ్గర ఎవరన్నా 'నాకు మీది వద్దు, నాది వేరే' అంటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. నిరుడు నాకొక సంబంధం వచ్చింది. ఆ అబ్బాయి మా ఇంట్లో కూర ముట్టుకోలేదు, ఏదో మొక్కు అన్నాడు. నాన్న వాళ్ళను గేటు దాకా సాగనంపి వచ్చి, 'మనతో తిననివాడు మనవాడు ఎట్లా అవుతాడు' అన్నారు. అంతే, అయిపోయింది."

"అయితే నాది గూడ అయిపోయినట్టే" అన్నాడు సామేలు.

"కాదు. పై చైనీస్‌కి పోదాం. బిర్యానీ అయితే ముక్క దాచలేం, కూర అయితే ఎముక కనబడుతుంది. చైనీస్‌లో కోడయినా గోబీ అయినా ఒకటే ఎరుపు. ఎవరి మంచూరియా వాళ్ళకు వేరే వేరే ప్లేట్లలో తెప్పిద్దాం. నీ ప్లేటులో గోబీ. ఆ లైటులో నాన్నకేం కనబడుతుంది?"

"వద్దు హన్నా. చెప్పేస్త."

"చెప్తే లేచి వెళ్ళిపోతారు. ఒక్క పూటే కదా. పెళ్ళయ్యాక మెల్లగా చెప్దాం."

ప్రేమ్ ఎగిరి గంతేశాడు. "సూపర్ చెల్లెమ్మా! పంతులు కోడి తింటున్నట్టు యాక్టింగ్ చేస్తుంటే నేను టికెట్ కొనుక్కుని చూస్తా!"

యాదగిరికి సంగతి చెప్పే పని నాకు పడింది. వాడు అంతా విని, "గట్లనే అన్నా. కోడి లెక్క కోసి ఏపిస్త" అన్నాడు.

శనివారం సాయంత్రం. ఆనందరావుగారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో గొడుగు. మెట్లెక్కి వచ్చి, లాంతర్లను చూసి, "క్రిస్మస్ స్టార్లు ఇక్కడ ఏడాది పొడుగునా కడతారేంటి బాబూ" అన్నారు. అందరం నవ్వాం, అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే. అబ్బాయి తరఫు పెద్దగా నేను ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. నా పక్కన సామేలు. అటువైపు ఆయన పక్కన హన్నా, చివర ప్రేమ్.

నూడుల్స్ తనవల్ల కాదని ఆయన తెల్లన్నం చెప్పారు. ప్లేట్లు వచ్చాయి. యాదగిరి మాట నిలబెట్టుకున్నాడు. సామేలు ప్లేటును నేను చూసినా కోడే అనుకునేవాణ్ని.

ఆనందరావుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. చిన్నదే. ఈ బల్ల మీది ఆహారాన్ని, దీని చుట్టూ ఉన్నవాళ్ళ మనసులను దీవించమన్నారు. ఆమెన్ అన్నాం. సామేలు ఆమెన్ వినబడలేదు.

తిండి మొదలైంది. ఆయన ఊరు అడిగారు, చదువు అడిగారు, ఏ చర్చికి వెళ్తావని అడిగారు. సామేలు అన్నిటికీ జవాబు చెప్పాడు. మధ్యమధ్యలో ముక్క కొరికాడు. ఆయన మొహం వదులవుతూ వచ్చింది.

"మా ఇంటావిడ సారమ్మ చేసే కోడికూర తిన్నావంటే ఇది మర్చిపోతావు అబ్బాయ్."

"అవునండీ" అన్నాడు సామేలు.

"నాన్నా, మీరు తినండి, చల్లారిపోతుంది" అంది హన్నా.

అప్పుడాయన తన ప్లేటులో ఏరి ఏరి ఒక పెద్ద ముక్క తీశారు. చేత్తోనే. బల్ల మీదుగా వంగి సామేలు ప్లేటులో పెట్టారు.

"తిను బాబూ. మా వైపు ఇంటికి అల్లుడు కాబోయేవాడికి పెద్దవాళ్ళు చేత్తో పెడతారు."

అది అవునన్న మాటే. ప్రేమ్ బల్ల కింద నా కాలు తొక్కాడు. సామేలు కాలనుకుని ఉంటాడు.

సామేలు ప్లేటు వంక చూశాడు. నేనూ చూశాను. అన్నీ ఒకటే ఎరుపు, ఒకటే గ్రేవీ. ఆయన పెట్టిన ముక్క జారి మిగతా వాటిలో కలిసిపోయింది. ఏది గోబీయో ఏది కోడో చెప్పడం మా ఎవరివల్లా కాదు.

వాడు ఫోర్కు పట్టుకున్నాడు. తిప్పాడు. మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"అంకుల్, ఒక మాట. నా ప్లేట్ల మీరు పెట్టిన ముక్క ఒక్కటే కోడి. మిగతాదంత గోబీ. నేను కూర తినను, పాలు తాగను. మీరు కాదంటరని మేమే గిట్ల జేసినం. మా బర్రెకు గడ్డి దూడను జూపించి పాలు పిండుకున్నం నా చిన్నప్పుడు. ఇయ్యాల మీ ముంగట గూడ అదే నిలబెట్టిన. నాతోని అయితలేదు."

చేపల తొట్టిలో బుడగల చప్పుడు వినబడింది. యాదగిరి కొంచెం దూరంగా నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి, దగ్గరికి రావాలా వద్దా అని చూస్తున్నాడు.

"ప్రార్థన చేసిన బల్ల ఇది" అన్నారు ఆనందరావుగారు. గొంతు పెంచలేదు. "ఎవరిది ఈ ఆలోచన?"

ప్రేమ్ నోరు తెరిచాడు. "బాబాయ్, అదీ..."

"నాది" అంది హన్నా. "అతను వద్దన్నాడు. నేనే బలవంతం చేశాను."

ఆయన కూతురివైపు చూడలేదు. చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నారు. గొడుగు కోసం చెయ్యి చాచారు.

"మా నాన్నకు విడిగా గ్లాసు పెట్టిన వాళ్ళను చూశాను బాబూ. వాళ్ళు మొహం మీదే పెట్టారు. నువ్వు ప్లేటు విడిగా పెట్టుకుని, కలిసి తింటున్నట్టు నన్ను నమ్మించావు."

ఇక లేస్తారని నేను అనుకున్నాను.

సామేలు లేచాడు. బల్ల మీదుగా వంగాడు. ఆనందరావుగారు తింటున్న ప్లేటులోంచి, మంచూరియా తగలని వైపు నుంచి, ఒక ముద్ద తెల్లన్నం చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగి, నిలబడే చెప్పాడు.

"ప్లేటు విడిగ లేదు అంకుల్. మీ ఎంగిలి నాకు ఎంగిలి గాదు. కోడి ఒక్కటే వద్దు."

ఆయన చెయ్యి గొడుగు మీదే ఉంది. వాడి మొహంలోకి చూశారు. తర్వాత అడిగారు.

"గడ్డి దూడ అన్నావే, మా నాన్న కూడా కట్టాడు. ఆ గేదె పాలు అమ్మి నన్ను ట్రైనింగ్‌కి పంపాడు. అది తప్పంటావా?"

"తప్పు అంటలేను. మా అమ్మ గూడ గట్లనే సదివించింది నన్ను. ఆమె పాలు పిండితే బకెట్ మోసుకొస్త. ఆమె చాయ్ తాగితే నేనే పెడత. నేను తాగుతలేను, అంతే."

"మా అమ్మాయి తాగుతుంది. కోడి కూడా తింటుంది. వండనిస్తావా?"

"నేను వండితే పప్పు. ఆమె వండుకుంటే ఆమె ఇష్టం."

"వాడు పప్పు బాగా చేస్తడండీ, నేను రోజూ తింట గదా" అన్నాను నేను. అది నిజమే.

ఆనందరావుగారు గొడుగు వదిలేశారు. ముందుగా కూతురి వైపు తిరిగారు. "నీతో ఇంటికెళ్ళాక మాట్లాడతాను" అన్నారు. హన్నా తల ఊపింది. తర్వాత యాదగిరిని పిలిచారు.

"బాబూ, ఇంకొంచెం తెల్లన్నం తెచ్చి ఈ ప్లేటులోనే వెయ్యి. ఆ పక్కకు, ఎరుపు తగలకుండా."

ప్లేటును బల్ల మధ్యకు జరిపారు. ఆయన ఒక పక్క నుంచి, సామేలు ఇంకో పక్క నుంచి తిన్నారు. సామేలు ముందున్న ప్లేటును ప్రేమ్ తన వైపు లాక్కుని, "నాకు ఏదైనా ఒకటే" అని గోబీ, కోడి రెండూ ఖాళీ చేశాడు.

మెట్లు దిగుతుండగా ఆనందరావుగారు ఆగారు.

"పెళ్ళిలో బిర్యానీ ఉంటుంది అబ్బాయ్. మా వాళ్ళు ఊరుకోరు."

"ఉండనియ్యుండ్రి అంకుల్. నాకు తెల్లన్నం పెట్టియ్యుండ్రి."

"అది నేనే పెడతానులే" అన్నారాయన. గొడుగు విప్పుకుని మెట్టుగూడ వెళ్ళే బస్సు కోసం రోడ్డు దాటారు. ప్రేమ్, హన్నా ఆయన వెనకే పరుగెత్తారు.

అదండీ సంగతి. పెళ్ళయింది, బిర్యానీ పెట్టారు. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

మీ గ్రూపుల్లో హోటల్‌కి పోతే "ఇందులో గుడ్డుందా, పాలున్నాయా" అని సర్వర్‌ను సతాయించే పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు. ఇది వాళ్ళకు పంపండి. వాళ్ళను చూసి మొహం ముడుచుకునే పెద్దవాళ్ళు కూడా ఉంటారు, ముందు వాళ్ళకు పంపండి. ఉంటానండీ, మా ఇంట్లో అన్నానికి పిలుస్తున్నారు.