వీరదుర్గ రుచి చూసిన సీసా

పొద్దున్నే బందరు రేవులో చేపలు కొనేటప్పుడు వీరదుర్గ ఒక పొలుసు నాలుకకి ఆనించి చూసేది. "నిన్నటిదిది. పడవలో అన్నదమ్ములు కొట్టుకున్నారు" అనేది. అమ్మేవాళ్ళు వెంటనే ధర తగ్గించేవాళ్ళు. తినేదైనా తాగేదైనా, దాన్ని ముట్టుకున్న చేతులు ఏం చేసొచ్చాయో ఆమె నాలుకకి తెలుస్తుందని రేవులో అందరూ ఎరిగిందే.

ఆమె మొగుడు ప్రకాష్ బంటుమిల్లి దగ్గర బంగార్రాజు రొయ్యల చెరువులకి కాపలా ఉండేవాడు. నెలన్నరగా కనబడటం లేదు. ఎవరితోనో వెళ్ళిపోయాడన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం చేపలివ్వడానికి చెరువు షెడ్డుకి వెళ్ళింది. బంగార్రాజు, అతనికి రొయ్యల మేత అమ్మే గుడివాడ నరసింహారావు కూర్చుని ఉన్నారు. బల్ల మీద సగం ఖాళీ అయిన సీసా.

"అమెరికా బోర్బన్ విస్కీ, వీరదుర్గా. నరసింహారావు తెచ్చి తనే మూత తీశాడు. నాలుగైదు పీపాల సరుకే కలిపి తీస్తారట" అన్నాడు బంగార్రాజు. "ఒక్క చుక్క వేసుకుని చెప్పు. నీ నాలుక సంగతి ఇతనికి తెలీదు."

ఆమె గ్లాసులో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

"మొక్కజొన్నండీ. లోపల కాల్చిన చెక్క పీపా. బెల్లం పాకం అడుగంటబోయే ముందు వాసన. పీపాలు దొర్లించినాయన నిదానస్తుడు, ఎవర్నీ తిట్టి ఎరగడు."

నరసింహారావు నవ్వాడు. "బాగానే చెప్తోందే. తర్వాత?"

"తర్వాత మూత తీసిన చెయ్యి" అంది. గొంతు మారలేదు. "నెలన్నర కింద గడ్డపార పట్టింది. ముందు మోకాళ్ళు విరగ్గొట్టింది, తర్వాత తల. మేతలో కల్తీ సంగతి బంగార్రాజు గారికి చెప్తానన్నాడు మా ఆయన."

బంగార్రాజు రుజువు అడగలేదు. నరసింహారావు వైపు చూశాడు.

నరసింహారావు సీసా ఎత్తి ఆమె నోటి మీద కొట్టాడు. రెండు పళ్ళు ఊడి పడ్డాయి. కింద పడ్డ ఆమె మీద కూర్చుని ఒక చేత్తో గొంతు నులుముతూ రెండో చేత్తో నోరు మూశాడు. ఆమె ఆ అరచేతిని కొరికింది. కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. అతని నెత్తురు నోట్లోకి దిగింది. మిగతాది ఆ నెత్తురు చెప్పింది.

బంగార్రాజు అతన్ని జుట్టు పట్టి లాగాడు. చెరువు పనివాడు వెంకట్ పరిగెత్తుకొచ్చి పారతో కొడితే నరసింహారావు చెయ్యి విరిగింది, ఇంకో దెబ్బకి బోర్లా పడ్డాడు. బంగార్రాజు గడ్డపార అందుకుని తల మీదికి ఎత్తాడు.

వీరదుర్గ నెత్తురు ఉమ్మింది.

"చంపకండి బంగార్రాజు గారూ. మా ఆయన్ని నాలుగో చెరువు గట్టు కింద పూడ్చాడు. నా నాలుక చెప్పింది స్టేషన్లో రాసుకోరు. ఇతని నోరే చెప్పాలి."

బంగార్రాజు గడ్డపార దించి స్టేషన్‌కి ఫోన్ చేశాడు.

పొద్దు వాలకముందే గట్టు తవ్వారు. ప్రకాష్ ముఖం మీది బురద ఆమే తుడిచింది. లేచి షెడ్డులోకి వచ్చి, పోలీసు జీపు వచ్చేదాకా నరసింహారావు తల ఎత్తిపట్టి, స్పృహ తప్పకుండా గుక్కగుక్కగా నీళ్ళు తాగించింది.

ఎస్సై అడిగిన రెండో ప్రశ్నకి అతను చెప్పడం మొదలుపెట్టాడు.