గురువారం నాటి మెలియానే

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ దీవి పల్లెలో ఎవరూ తగాదా పెట్టుకోరు. ఆడవాళ్లు తల దువ్వుకుని చెవి వెనక పువ్వు పెట్టుకుంటారు. తాగి పడుకున్న మొగుణ్ణి పెళ్లాం లేపి ముఖం కడుక్కు రమ్మంటుంది. ఆస్పత్రి చివరి గదిలో టెలేసియా కంప్యూటరు పెట్టె ముందు కూర్చుని, నల్ల తెర మీద ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కుతుంది. డేటాబేస్‌లో ఉన్న పత్రాలన్నిటికీ నకలు తీసి పక్క డిస్కులో దాచే లైను అది. ఊళ్లో మనిషికో పత్రం. ఎవరి పత్రం నకలవుతుంటే వాళ్ల చెవులు కాస్త వెచ్చబడతాయి. "హమ్మయ్య, అయింది" అనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు, మధ్యలో ఆపిన తగాదాలతో సహా.

ఆ నకలును మొత్తంగా తిరిగి పెట్టెలోకి ఎక్కిస్తే మనుషులూ ఆ గురువారానికే వెనక్కి పోతారు. పాత డిస్కు చెడిపోయినప్పుడు ఓసారి అలాగే అయింది. ఊరంతా ఆదివారం ప్రసంగాన్ని రెండోసారి విని, పాస్టరు గారు ఇవాళ కొత్త సంగతి చెప్పారని మెచ్చుకుంది. వెనక్కి పోవలసి వస్తే చింపిరి జుట్టుతో, ఏడుపు ముఖంతో పోవడమెందుకని ఆ దువ్వెనలూ పువ్వులూ. టెలేసియాకి మాత్రం ఏదీ చెరగదు. పెట్టె నడిపేవాళ్ల పత్రం వేరే కట్టలో ఉంటుంది, దాని జోలికి ఈ నకలు పోదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ అదృష్టమనే అనుకునేది.

ఆ నెలలో ఒక మంగళవారం టెలేసియా తమ్ముడు సెమీసి రేవు దగ్గర లారీ వెనక్కి తీస్తూ తవీటాని గుద్దాడు. టారో దుంపల బస్తా మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న తవీటా అక్కడికక్కడే పోయాడు. సెమీసి తాగి లేడు, తొందరలోనూ లేడు. వెనక్కి ఒక్కసారి చూడలేదు, అంతే. తవీటా భార్య మెలియానే ఇంటి కొబ్బరాకు తెరలు ఆ రోజు దిగినవి మళ్లీ లేవలేదు. ఆమె క్షమిస్తే సెమీసి ఊళ్లో ఉంటాడు, లేకపోతే ఊరొదిలి పోవాలని పెద్దలు తేల్చారు.

గురువారం నకలు ఎప్పటిలాగే అయింది. సోమవారం తెల్లవారకముందే సెమీసి, టెలేసియా, మేనమామలు వెళ్లి మెలియానే ఇంటి ముందు తలలు వంచి కూర్చున్నారు. పైన అమ్మమ్మ అల్లిన సన్నచాప కప్పుకున్నారు. అలా కప్పుకున్నవాళ్లని కొట్టినా చంపినా అడిగే దిక్కుండదు. అవతలివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే లేదన్నట్టు. పొద్దు బాగా ఎక్కాక కంకరరాళ్ల మీద అడుగుల చప్పుడైంది. మెలియానే వంగి చాప ఎత్తింది. సెమీసితో, పక్కనున్న టెలేసియాకి మాత్రమే వినబడేలా, చిన్నగా ఏదో అంది. వాడు ఆవిడ కాళ్ల మీద పడి పసివాడిలా ఏడ్చాడు. చాపని ఆవిడ మడిచి లోపలికి తీసుకుపోయింది, తర్వాత అందరికీ కోకో కాచి పోసింది.

ఆ సాయంత్రమే ఒక నకలు తీసి పెడదామా అని టెలేసియాకి తోచకపోలేదు. కానీ చెప్పా పెట్టకుండా సోమవారం పూట నకలు తీస్తే ఊరు ఊరుకోదు. తలలు దువ్వుకోలేదని ఆడవాళ్లంతా ఆస్పత్రి మీదికి వస్తారు. పైగా ఇంట్లో విందుకి పంది కాలుతోంది, చుట్టాలు నిండి ఉన్నారు. ఎలాగూ గురువారం తీస్తాను కదా అనుకుంది.

బుధవారం పొద్దున కరెంటు పోయి వచ్చింది. ఆ కుదుపుకి కొందరు చంటిపిల్లల పత్రాలు ఎగిరిపోయాయి. ఆ పిల్లలు పేరు పెట్టి పిలిస్తే తిరగడం మానేశారు. కన్నతల్లి ఎత్తుకుంటే పరాయిదాన్ని చూసినట్టు చూశారు. తల్లులు చంకన బిడ్డలతో ఆస్పత్రి గుమ్మంలో గుంపుకట్టి, తొందరగా కానివ్వమ్మా తల్లీ అంటున్నారు. టెలేసియా గబగబా తెర ముందు కూర్చుంది.

నకలును తిరిగి ఎక్కించే ఉత్తి రీస్టోరు లైను కొడితే చాలు. ఆ లైను ఎగిరిపోయిన పత్రాలని మాత్రమే తెచ్చి పెడుతుంది, ఉన్నవాటిని ముట్టుకోదు. ఆ సంగతి ఆమెకి నిద్రలో అడిగినా తెలుసు. కానీ ఆమె పెరిగిన ఇంట్లో ప్రతి శనివారం చాపలన్నీ ఎత్తి, కింద నేల మీద పరిచిన కంకరరాళ్లు కడిగి, ఎండబెట్టి గానీ మళ్లీ పరిచేవాళ్లు కాదు. ఇళ్ల శుభ్రం చూడొచ్చే మహిళా కమిటీ వాళ్లు చాప కొస ఎత్తి మరీ చూసేవాళ్లు. పాతది ఎత్తకుండా కొత్తది పరిస్తే మురికిదంటారని తల్లి వీపు మీద చరిచి నేర్పిన బుద్ధి. ఆ బుద్ధే వేళ్లలోకి దిగి, లైను చివర ఉన్నదంతా తుడిచి మళ్లీ పరచమనే మాట చేర్చింది. ఎంటర్ నొక్కాక గానీ ఆమె ఆ మాట చూడలేదు.

బయట పిల్లలు కేరుమన్నారు, తల్లులు నవ్వారు. అందరూ చెవులు తడుముకున్నారు. టెలేసియా డిస్కులోని నకళ్ల తేదీలు చూసింది. ఊరంతా పోయిన గురువారానికి వెనక్కి పోయింది. సోమవారానికి నకలు లేదు.

ఇంటికి వెళ్లేసరికి సెమీసి చీకటి మూలన ముడుచుకుని కూర్చున్నాడు. ముందు పెట్టిన అన్నం అలాగే ఉంది.

"అక్కా, మెలియానే పిన్ని ఇంటి ముందుకి ఎప్పుడు పోదాం?" అన్నాడు.

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. వాడు కోపపడలేదు. కోపపడి ఉంటే ఆమెకి కాస్త తేలికగా ఉండేది.

చీకటి పడుతుండగా మెలియానే వచ్చింది. చంకలో మడిచిన చాప ఉంది. గడప దగ్గరే నిలబడింది.

"ఇది మా ఇంట్లో ఉంది. మీ అమ్మమ్మ అల్లికే కదా? ఎవరు తెచ్చి పెట్టారో నాకు తెలీదు."

"నువ్వే తెచ్చుకున్నావు పిన్నీ," అంది టెలేసియా. "సోమవారం మేం వచ్చి కూర్చుంటే నీ చేత్తో నువ్వే ఎత్తావు. తప్పు నాదే, ఆ రోజుని నేనే తుడిచేశాను."

మెలియానే చాప అంచు వేలితో తడిమింది. అబద్ధమనలేదు. ఇలాంటివి అవుతాయని ఆవిడకీ తెలుసు.

"ఎత్తే ఉంటాను. నువ్వు అబద్ధాలాడవు. కానీ ఆ సోమవారం మనిషి నాకంటే మంచిదమ్మా. నాకింకా నిన్ననే ఆయన్ని పూడ్చినట్టుంది. ఆ మంచితనం ఎక్కణ్ణించి తెచ్చుకుందో దాన్నే అడగాలి."

చాప గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు గురువారం. టెలేసియా వేళ తప్పకుండా నకలు తీసింది. మెలియానే తల దువ్వుకోలేదని ఎవరో చెప్పుకున్నారు.

శుక్రవారం తెల్లవారుజామున మళ్లీ అందరూ వెళ్లి చాప కప్పుకుని కూర్చున్నారు. మేనమామలకి అదే మొదటిసారి, టెలేసియాకి ఒక్కదానికే రెండోసారి. పొద్దెక్కింది. సోమవారం అడుగుల చప్పుడు వినబడిన వేళ వచ్చింది, దాటిపోయింది. చాప కింద చెమటలు కారాయి. తెరల వెనక మెలియానే దగ్గడం వినిపించింది, అంత దగ్గర్లోనే ఉంది. సాయంత్రం ప్రార్థన శంఖం ఊదేదాకా తెర లేవలేదు. పెదమామయ్య ముందుగా లేచి, ఇక పదండి అన్నాడు. ఆవిడ తప్పేమీ లేదని టెలేసియాకి తెలుసు. నాలుగు రోజులు ఏడిస్తే వచ్చే మెత్తదనాన్ని ఆవిడ దగ్గర్నుంచి తనే లాగేసుకుంది. దానికి ఎవరి ముందు ఏ చాప కప్పుకుని కూర్చోవాలో ఆమెకి తెలియలేదు.

శనివారం ఆమె తమ్ముడితో సలేలొలోంగా రేవుకి వెళ్లింది. అవతలి దీవిలో ఎవరో చేపల పడవలో పని ఇస్తామన్నారు. లారీలు ఒక్కొక్కటే ఓడలోకి ఎక్కుతుంటే సెమీసి వాటి వంక చూడకుండా సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"అక్కా, సోమవారం పిన్ని నాతో ఏదో అందన్నావు కదా. ఏమంది?"

"మోకాళ్లు నొప్పెడుతున్నాయా నాన్నా, అంది," అని చెప్పింది టెలేసియా.

వాడు తల ఊపాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. ఓడ తలుపు మూసేదాకా వాడు అడిగినన్నిసార్లూ చెప్పింది. ఆ మాట ఇప్పుడు టెలేసియా పత్రంలో తప్ప ఊళ్లో ఎవరి పత్రంలోనూ లేదు. అన్న ఆవిడకీ తెలియదు, విన్నవాడికీ తెలియదు.