చాట్ బండి దాకా వెనక్కి చూడకూడదు

కుచ్చిళ్ళు పెట్టుకోవడం, మళ్ళీ విప్పేయడం. పొద్దున్నుంచీ ఇదే పని.

"ఎంతసేపే ఆ సీర? పెళ్ళికూతురువేటి?" అంది మా అత్త నూకమ్మ. మణి ఆవిడ ఒళ్ళో కూచుని తాళాల గుత్తి నోట్లో పెట్టుకుంటోంది.

కుచ్చిళ్ళు కుదరక కాదు. ఇవాళ మా బ్యాచ్‌కి ఫేర్‌వెల్. మా బ్యాచ్ అనుకోవడం నా అలవాటు, అంతే. రెండో ఏడాది పరీక్షలు నిండు నెలల కడుపుతో రాసి వచ్చాక నేను మళ్ళీ ఆ గేటు లోపలికి వెళ్ళలేదు. మణి పుట్టింది. ఇప్పుడు దానికి పది నెలలు. వాళ్ళంతా మూడో ఏడాది చదివి బయటికి వచ్చేస్తున్నారు.

"అత్తా, తాళాలు నోట్లోంచి తియ్యి. తుప్పు ఉంటాది."

"మీ ఆయన ఇలాటివే నమిలి పెరిగినాడు. రోలింగ్ మిల్లులో ఇనుము సాగదీత్తన్నాడు."

అత్త మాటలు అలాగే ఉంటాయి. నేను తాళాలు లాక్కుని స్పూను ఇచ్చాను. స్పూను గొంతులో దిగుతుందేమోనని అదీ తీసేశాను. మణి ఏడుపు అందుకుంది.

ఫ్లోరా వచ్చి పిలిచిన రోజునే అత్త ఒక మాట తేల్చి చెప్పేసింది. ఫ్లోరా, నేనూ ఒకే బెంచీ. వాళ్ళ నాన్న కొర్నేలిగారు, మా మావయ్య నరసింగరావుగారు ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టులో పని చేశారు. ఆ చనువుతో అది అత్త ముందే అడిగేసింది.

"ఆంటీ, భాగ్యరేఖని జులైలో మళ్ళీ కాలేజీకి పంపండి. ఈ ఏడాది చేరితే సీదా మూడో ఏడాదిలో కూచోబెడతారు. ఈ ఏడాది దాటిందంటే మళ్ళీ ఫస్ట్ ఇయర్ నుంచి చదవాలి. ఆఫీసులో మేడమే చెప్పింది."

అత్త నన్ను చూసింది. నేను గిన్నెలవైపు చూశాను. మా ఆయన మనోజ్‌ని అడిగితే, "అమ్మనడుగు, అమ్మ సరేనంటే నాదేముంది" అని షిఫ్టుకి వెళ్ళిపోయాడు. అత్తని అడిగే ధైర్యం నాకు ఆర్నెల్ల నుంచీ రాలేదు. ఫ్లోరా ఒక్క ఊపిరిలో అడిగేసింది.

"పాలు తాగే గుంటనొగ్గీసి తల్లి గడప దాటకూడదు," అంది అత్త. "ఫేర్‌వెల్ అన్నావు కదా, దానికి పంపుతాను. నాను కూడా వొత్తాను, నువ్వు నేకుండా గుంట ఉండదు. మీరందరూ నవ్వుకోండి, ఏడుసుకోండి, ఆ గేటు దాటీసి రండి. ఆ తరవాత ఈ సదువు మాట మా ఇంట్లో ఎవులూ ఎత్తకూడదు."

అలా ఒప్పుకుంది. ఇవాళ గేటు దాటితే అయిపోయినట్టే.

మా బస్తీ కోహ్కా నుంచి ఆటోలో వెళ్తున్నంతసేపూ నా సంచిలో చెయ్యి పెట్టి చూసుకుంటూనే ఉన్నాను. మణి పట్టకపోయినా పాల సీసా ఉంది. గుడ్డలు ఉన్నాయి. జ్వరం మందు ఉంది. జ్వరం లేదుగా అంది అత్త. రావచ్చు కదా అన్నాను.

కాలేజీ హాల్లో ఫ్యాన్లు అవే, గోడ మీద పెచ్చులూడిన చోటు కూడా అదే. రెండో ఏడాది పిల్లలు సీనియర్లకి ఫేర్‌వెల్ చెయ్యడం మా కాలేజీ పద్ధతి. ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ళ మూడేళ్ళ బుద్ధులకి తగ్గట్టు ఒక బిరుదు రాసిన పట్టీని మెడలో వేస్తారు. మైకు పట్టుకున్న పిల్ల పేరు రోహిణి, తెలుగమ్మాయే, కానీ ఈ హిందీ ఊళ్ళో పుట్టింది, తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది.

కనకలత రోజూ ఆలస్యంగా వచ్చి, రైల్వే గేటు పడిందని చెప్పేది. దానికి 'ఫాటక్ బంద్' అని పట్టీ వేశారు. ఫ్లోరా అందరి టిఫిన్లూ మూత తీసి చూసేది, 'డబ్బా ఇన్‌స్పెక్టర్' అయింది. ఇన్‌స్పెక్టర్‌గారు స్టేజీ మీదే ఒక జూనియర్ సంచిలోంచి డబ్బా లాక్కుని మూత తీసి, "ఫిర్ సే లౌకీ? మళ్ళీ సొరకాయేనా? ఈ పిల్లకి మెమో ఇవ్వండి!" అంది. హాల్లో అందరూ బెంచీలు బాదారు. నేనూ బాదాను. కానీ నా చెవి ఒకటి వరండాలోనే ఉంది. అక్కడ అత్త మణిని ఎత్తుకుని తిప్పుతోంది. మణి గొంతు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం.

చివరికి ఫ్లోరా నన్ను స్టేజీ మీదికి తోసింది. రోహిణి చేతిలో పట్టీలు అయిపోయాయి. నన్ను ఎగాదిగా చూసింది.

"సారీ దీదీ, మీకు టైటిల్ లేదు. మేం సెకండ్ ఇయర్‌కి వచ్చేసరికి మీరు వెళ్ళిపోయారు కదా. మిమ్మల్ని మూడో ఏడాది కూడా చూస్తేనే కదా టైటిల్ ఇచ్చేది?"

తప్పుగా అనలేదు ఆ పిల్ల. అందరూ చప్పట్లు కొట్టారు. నా మెడ చుట్టూ ఏమీ లేదు. చీర కొంగు సవరించుకుని దిగిపోయాను. దిగుతూనే వరండాలోకి పరిగెత్తాను. మణి హాయిగా అత్త భుజమ్మీద బొట్టుబిళ్ళ అంటించి పీకుతోంది.

"ఏటలాగున్నావు?" అంది అత్త.

"ఏం లేదు. పాలు తాగిందా?"

"ఇప్పుడే కదే ఇచ్చినావు!"

ఆఖరి తంతు గేటు దగ్గర. దాన్ని బిదాయి అంటారు, పెళ్ళికూతుర్ని అత్తవారింటికి పంపినట్టు. సీనియర్లు గుప్పెడు మరమరాలు తల మీదుగా వెనక్కి విసరాలి. జూనియర్లు చున్నీలు పట్టి వాటిని అందుకుంటారు, తింటే మార్కులు వస్తాయట. విసిరాక గేటు దాటి, రోడ్డవతల ఉన్న చాట్ బండి దాకా నడిచి, బండిని ముట్టుకోవాలి. ముట్టుకునేదాకా వెనక్కి చూడకూడదు. చూసినవాళ్ళు మళ్ళీ వచ్చే ఏడాది ఇదే బెంచీ మీద కూచోవాలని మా కాలేజీ నమ్మకం. అందుకే జూనియర్లు సీనియర్ల చేత వెనక్కి చూపించాలని గొంతులు పోయేలా అరుస్తారు. చీర ఊడిందంటారు, ఫోన్ పడిపోయిందంటారు, మీ నాన్న వచ్చాడంటారు.

కిందటేడు ఆ జూనియర్ల మూకలో నేనూ ఉన్నాను. ఎనిమిదో నెల. పెళ్ళికూతురి తల్లి వేషం నాదే. పొట్ట పట్టుకుని నేను ఏడుస్తుంటే మేడమ్‌లు కూడా కళ్ళు తుడుచుకుని నవ్వారు.

ఈ ఏడాది ఆ వేషం వెయ్యాల్సిన పిల్లకి గొంతు పోయింది. రోహిణి చుట్టూ చూసి, మణినెత్తుకుని గోడ పక్కన నిలబడ్డ మా అత్తని పట్టుకుంది.

"అమ్మమ్మా, మీరు తల్లి వేషం వేస్తారా? అమ్మాయిల్ని పట్టుకుని రోనా హై, బస్."

"ఉత్తినే ఎలాగేడవడం?" అంది అత్త. "ఎవుర్ని పట్టుకోవాల? ఆ పిల్ల తప్పేటో సెప్పండి, ఏడుత్తాను."

తప్పులు చెప్పడానికి కొదవేముంది. ఫ్లోరాని ముందుకి తోశారు. అత్త మణిని నా చేతికిచ్చి, కొంగు బొడ్లో దోపి, ఫ్లోరా మెడ పట్టుకుంది.

"ఓలమ్మా! నాయమ్మా! ఎలాగెల్లిపోతన్నావే! ఆ ఇంటికాడ గిన్నెల మూతలు తియ్యకే, అత్త సూత్తాది! ముందు మొగుడికెట్టి తరవాత తినే! పోనీ నేదంటే సగమైనా ఉంచే!"

తెలుగు రానివాళ్ళకి రోహిణి హిందీలో చెబుతోంది, చెప్పలేక మధ్యలో కూలబడి నవ్వుతోంది. అత్తకి ఊపు వచ్చేసింది. కనకలత వంతు రాగానే, "ఓలమ్మా, రైలు సూసుకొని కాపరానికెల్లే! గేటు పడితే నీ మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకుంటాడే!" అంది. మేడమ్ ఒకావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంట్లో గిన్నెల మోత తప్ప వినిపించని అత్తకి ఇంత గొంతు ఉందని నాకు తెలీదు.

ఒక్కొక్కరే మరమరాలు విసిరి వెళ్ళిపోతున్నారు. ఎవరూ వెనక్కి చూడలేదు. ఫ్లోరా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నడిచింది.

చివర నేను మిగిలాను.

"రండి దీదీ, మీరు కూడా," అంది రోహిణి. "అమ్మమ్మా, ఈవిడని పట్టుకుని ఏడవండి."

అత్త నా దగ్గరికి వచ్చింది. చేతులు చాచలేదు.

"దీనికి నాను తల్లిని కాను, అత్తని," అంది. "పంపడానికి రానేదు, తీసుకెల్లడానికొచ్చినాను."

గేటు ఊగిపోయేలా నవ్వారు. అత్త కూడా నవ్వింది, ఇంత మంచి మాట అన్నందుకు. నేను కూడా నోరు నవ్వులాగే పెట్టాను. మణిని ఆవిడ చేతుల్లో పెట్టి, పళ్ళెంలోంచి గుప్పెడు మరమరాలు తీసుకున్నాను. చెమటకి అరచేతికి అంటుకున్నాయి. వీపు తిప్పి విసిరాను. సగం నా జడ మీదే పడ్డాయి.

నడక మొదలుపెట్టాను. వెనక అరుపులు మొదలయ్యాయి.

"దీదీ, పల్లూ!"

"దీదీ, మీ ఫోన్!"

నడుస్తున్నాను. గేటు దాటాను. రోడ్డు మీద ఎర్ర దుమ్ము, అవతల చాట్ బండి, దాని చుట్టూ మా వాళ్ళందరూ. ఫ్లోరా రెండు చేతులూ ఊపుతోంది. రా, రా, అంటోంది.

అప్పుడు వెనక నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. పెద్దగా, గుక్కపెట్టి.

నా కాలు ఆగింది. మళ్ళీ వినిపించింది. నాకు నవ్వొచ్చింది. మణి ఏడుపు అలా ఉండదు. మణి ముందు ముక్కుతో మొదలుపెడుతుంది, పెదవి బయటికి వస్తుంది, ఆ తర్వాతే గొంతు. ఇది ఎవరో జూనియర్ ఏడుపు. తల తిప్పకుండానే ముందుకి నడిచాను. "అరే, మా హో కే భీ నహీ ముడీ!" అని ఎవరో అన్నారు. తల్లయి ఉండీ తిరగలేదని.

చాట్ బండి దగ్గరికి వచ్చేశాను. బండివాడు గిన్నెలో బఠానీ కలుపుతున్నాడు. చెయ్యి చాస్తే రేకు తగులుతుంది. ఫ్లోరా నా చెయ్యి పట్టుకుని బండి మీద పెట్టబోయింది.

"ఆగు," అన్నాను.

"ముట్టుకో భాగ్యా! అయిపోయింది, ముట్టుకో!"

అయిపోతుంది. అత్త చెప్పింది అదే. ఇది ముట్టుకుంటే ఇంటికెళ్ళి చీర మడతపెట్టి, రేపటి నుంచి ఎవరూ ఆ మాట ఎత్తరు. నేను కూడా ఎత్తను, నా గొంతు నాకు తెలుసు. అత్త ముందు అది పైకి రాదు.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. తిరిగాను. తల ఒక్కటీ కాదు, మొత్తం మనిషినే తిరిగి గేటువైపు నిలబడి చూశాను.

అత్త గేటు పక్కన నిలబడి ఉంది, చంకలో మణి, మణి పిడికిట్లో మరమరాలు. నేను అత్తనే చూశాను. కళ్ళు దించుకోవాలనిపించింది, దించలేదు.

అప్పుడు గేటు దగ్గర గోల లేచింది. "దేఖ్ లియా! దేఖ్ లియా!" అని, చూసేసిందని అరుస్తూ చున్నీలు గాల్లోకి విసిరారు. రోహిణి రోడ్డు దాటి పరిగెత్తుకుని వచ్చి నన్ను వాటేసుకుంది.

"ఇక దీదీ అనను! నువ్వు మా క్లాసే! నా పక్క బెంచీ ఖాళీ, చెప్పేశా!"

ఫ్లోరా ముక్కు ఎగబీల్చి, బండివాణ్ణి ఇంకో ప్లేటు వెయ్యమంది.

ఈలోపు అసలు ఏడుపు వినిపించింది. ముక్కుతో మొదలైంది. ఈసారి నేను పరిగెత్తాను.

ఆటోలో మణి నా కొంగు కింద పాలు తాగుతూ నా పిన్ను ఒకటి పీకేసింది. నేను ఆ పిన్ను దొరికేదాకా సీటంతా వెతికాను. దొరికాక కూడా ఇంకోటి పోయిందేమోనని లెక్కపెట్టుకున్నాను.

ప్లాంటు సైరన్ మోగింది. షిఫ్టు దిగిన సైకిళ్ళు రోడ్డంతా నిండాయి. ఆటో ఆగిపోయింది.

"కావాలనే సూసినావు," అంది అత్త.

"అవునత్తా."

"మా గుంట ఏడుపు కాదని తెలిసి కూడా."

"తెలుసు. అందుకే అప్పుడు చూళ్ళేదు."

సైకిళ్ళు వెళ్తూనే ఉన్నాయి. అత్త తన కొంగులో ముడి విప్పింది. లోపల మరమరాలు. కింద పడినవి కాళ్ళతో తొక్కకూడదని ఏరినట్టుంది. రెండు నోట్లో వేసుకుంది.

"నువ్వు కాలేజీకెల్తే, మధ్యాన్నం దీనికి పాలెవులిత్తారు? నాకొత్తాయా?"

సీసా పాలు అనబోయాను. మణి సీసా పట్టదని నాకే తెలుసు. జులై అన్నాను. జులైకి ఏడాది దాటుతుంది అన్నాను. అప్పటికి అన్నం తింటుంది అన్నాను. పప్పు మెత్తగా ఎనిపి పెడితే తింటుంది, మొన్న తింది కూడా, అన్నాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"మొన్న తిన్నాదేటి, ఊసీసింది," అంది అత్త.

ఆటో కదిలింది. కోహ్కా మలుపు తిరుగుతుండగా అత్త తల బయటికి పెట్టి, రోడ్డు పక్క చెట్టుని చూసింది.

"బండాపు," అంది ఆటో అబ్బాయితో. "రెండు రెబ్బలు యాపాకు కోసుకొత్తాను."

"ఎందుకత్తా?"

"పాలు మాన్పించొద్దేటి? ఇయాల్టినుంచి నూరి రాత్తే, జులైకి మాన్తాది. మా గుంటలు మొండివి."

ఆటో ఆగింది. అత్త దిగి చెట్టు దగ్గరికి నడిచింది. మణి పాలు తాగడం ఆపి నా మొహం చూసింది. నేను దాని తలని గట్టిగా దగ్గరికి లాక్కుని, ఇంకాస్త తాగమన్నాను.