తొట్టి ముందు దాహం

బజారు మలుపులో కొత్తగా రాతి తొట్టి వెలిసింది. పైన గుర్రాలకూ ఎద్దులకూ పెద్ద తొట్టి, కింద కుక్కలకూ పిల్లులకూ చిన్న గిన్నె. "మూగజీవుల దాహం తీర్చుటకు" అని రాతి మీద చెక్కించారు. దాని కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో దాత పేరు చెక్కించారు. ఆ దాతగారి గుర్రబ్బండి తోలే మనిషి ఇంట్లో ఆ ఉదయం ఏం జరిగిందో మనం ముందు చూడాలి.

ఇల్లంటే గుర్రపుశాల పక్క గది. దాతగారి జత గుర్రాలకు కళ్ళెం నుంచి వీపు దాకా ఒక తోలుపట్టీ ఉంటుంది. అది బిగిస్తే తల కిందికి వాలదు. మెడ నిటారుగా నిలుస్తుంది, చూసినవాళ్ళు అబ్బో అంటారు. ఆ ఠీవి యజమానిది, నొప్పి గుర్రానిది.

"మళ్ళీ పెదవి చీలింది చూడు," అంది అతని భార్య, ఎడమ గుర్రం మూతి కడుగుతూ. "ఇవాళైనా కాస్త వదులుగా కట్టవయ్యా."

"నువ్వు చెప్తే కట్టాలా? ఈ గది పోగొట్టుకుని సామాను నెత్తిన పెట్టుకుని తిరుగుదామా?"

"గది పోతే ఇంకో గది దొరుకుతుంది. దీని నోరు పోతే ఇంకో నోరు తెస్తావా?"

"నోర్ముయ్!" అంటూ అతను పట్టీని రోజూ కంటే ఒక రంధ్రం ఎక్కువే బిగించాడు. కోపం పెళ్ళాం మీద వచ్చింది, తీర్చుకున్నది గుర్రం మీద. మనలో చాలామంది కోపాలు ఇలాగే బలహీనుల మీద తీరుతాయి.

తొట్టి ప్రారంభోత్సవానికి పొద్దుటి నుంచి పెద్దమనుషుల్ని ఒక్కొక్కరినే ఇళ్ళ నుంచి తెచ్చి అక్కడ దింపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గుర్రాల నోటి నుంచి నురగ కారుతోంది. నీళ్ళకు వచ్చిన మిగతా బండ్లవాళ్ళను తాడు కట్టి వెనకే ఆపేశారు.

"మా గుర్రాలు మాత్రం మనిషి కడుపున పుట్టాయా ఏంటి, వరసలో నిలబడ్డానికి? తొందరగా కానివ్వండి!" అని అరిచాడొక బండివాడు.

దాతగారు వినిపించుకోలేదు. "ఇకపై ఈ ఊళ్ళో ఏ ప్రాణీ దాహంతో అల్లాడదు," అని ఉపన్యాసం ముగించి, ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి, "మొదటి నీళ్ళు మా గుర్రాలే తాగాలి," అన్నారు.

గుర్రాలు తొట్టి మీదికి ఎగబడ్డాయి. పట్టీ వెనక్కి లాగింది. నీళ్ళకు జానెడు పైన మూతులు ఆగిపోయాయి. గిట్టలతో రాయి గీరాయి, మెలికలు తిరిగాయి. నీళ్ళు మాత్రం అందలేదు.

"తాగవేంరా ఇవి?"

"పట్టీ ఉందండి అయ్యగారూ. విప్పితే తాగుతాయి."

దాతగారు పళ్ళు కొరికారు. "నడిబజారులో నా గుర్రాలు తల వేలాడేసుకుని ఫొటోలో పడాలా? మూతికి కాసిని నీళ్ళు చల్లు. తాగినట్టే ఉంటుంది."

అతను చల్లాడు. ఫొటో పడింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఎడమ గుర్రం ఉబ్బిన నాలుకతో పెదవి మీది తడిని నాకుతోంది. చీలిక నుంచి ఒక రక్తపు చుక్క తొట్టిలో పడింది.

గుంపులో ఉన్న భార్యను అతను చూశాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె గుర్రం పెదవి వైపే చూస్తోంది. అతనికి చెంప పగిలినట్టయింది.

వెళ్ళి రెండు పట్టీలూ విప్పేశాడు. గుర్రాలు కళ్ళ దాకా మూతులు ముంచి గటగటా తాగాయి.

"ఒరేయ్! కట్టు!"

"కట్టనండి."

"అయితే ఈ పూటే గది ఖాళీ చెయ్యి!"

"చేస్తానండి. ముందు వీటిని తాగనివ్వండి."

వెనకున్న బండ్లవాళ్ళు తాడు తెంచుకుని తమ గుర్రాలను తోలుకొచ్చారు. పెద్దమనుషులు బట్టలు తడుస్తాయని చెల్లాచెదురయ్యారు. ఆ తొక్కిసలాటలో దాతగారు నిప్పులు చెరిగారు.

"విశ్వాసం లేని మనుషులు! ఇంత డబ్బు పోసి తొట్టి కట్టించాను. ఇంతకంటే నేనేం చెయ్యాలి?"

జవాబు పట్టీలు విప్పినతని భార్య చెప్పింది.

"నీళ్ళు పెడితే సరిపోదండి అయ్యగారూ. ముందు మెడ వదలాలి."