గనిలో గొడుగులు

కూలీల కొట్టంలోంచి లియూ క్విట్‌ని చాపతో సహా బయటికి ఈడ్చేశారు. నేను చూశాను. వంటపాక గుమ్మంలో బియ్యం కడుగుతున్నాను అప్పుడు. మేస్త్రీ చియా కాంగ్ చాపకి ఒక కొస పట్టుకున్నాడు, వాడి మనిషి ఇంకో కొస. క్విట్ కాళ్ళు అరటి బోదెల్లా వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడేది కాదు. ఆ కాళ్ళతో నిలబడలేడు కాబట్టి ఈడ్చారు.

"ఇంకొక్క నెల, మేస్త్రీ! పండగ వచ్చేసింది కదా!" అని అరిచాడు క్విట్. "ఏడాదంతా తట్టలు మోశాను. నా కూలి నా చేతిలో పెట్టు. పడవెక్కి పోతాను. సముద్రం గాలి తగిలితే ఈ వాపు దిగుతుందంటున్నారు."

"ఏడాది నిండకుండా పోయేవాడికి కూలి లేదు. నువ్వొచ్చిన రోజే చెప్పాం."

"నేనెక్కడ పోతున్నాను? నువ్వేగా గెంటేది!"

"పని చెయ్యనోడు పోయినట్టే లెక్క."

వాన పడుతూనే ఉంది. దారి పక్కన పాత బొగ్గుల పాకలో పడేసి వచ్చారు. మేస్త్రీ చేతులు దులుపుకుంటూ మా నాన్నతో అన్నాడు: "ఇవాళ్టి నుంచి ఒక గిన్నె తగ్గించు."

మా నాన్న ఆ గనికి వంటవాడు. గని యజమాని అయిన షావుకారు ఉప్పు తినే మనిషి. తలూపాడు. నేను ఏడుస్తుంటే "మనకెందుకమ్మా" అన్నాడు.

మలయా దేశపు కింతా లోయలో గనులన్నీ ఇంతే. తగరం తవ్వేది మేము, చైనా నుంచి వచ్చినవాళ్ళం. షావుకారూ మావాడే. కూలి ఏడాదికి ఒక్కసారే, కొత్త సంవత్సరం ముందు రోజు. అందాకా బియ్యం, నూనె, పొగాకు, నల్లమందు అన్నీ ఆయన కొట్లోనే అప్పు తెచ్చుకోవాలి. ధర ఆయన నోటికి ఎంతొస్తే అంత. కాళ్ళ వాపు జబ్బు ఏ నెలలోనైనా వస్తుంది. వచ్చినవాళ్ళని గెంటేది మాత్రం పండగ ముందే. ముందు నెలల్లో అయితే చూరు కింద పడుకోనిస్తారు, గంజి కూడా పోస్తారు. కూలి ఇచ్చే రోజు దగ్గర పడితే పాక చూపిస్తారు.

ఆ సాయంత్రం పెద్ద కొట్టంలో ఎవరూ సరిగ్గా తినలేదు. నేను గిన్నెలు తీస్తూ గోడవార నిలబడ్డాను. మగవాళ్ళ మధ్య నాకు మాట పెగలదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, చెవులు వేడెక్కిపోతాయి.

హియూ సామ్ లేచాడు. క్విట్‌తో పాటు ఒకే పడవలో వచ్చినవాడు, క్విట్ పక్కనే కావడి మోసేవాడు.

"ఇవాళ క్విట్ గాడు. రేపు నా కాళ్ళు వాస్తాయి. అప్పుడూ మీరిట్లాగే ముద్ద మింగుతూ కూర్చుంటారా?"

"అయితే ఏం చేద్దామంటావ్?" అన్నాడొకడు.

"పని మానేద్దాం."

"బాగుంది నీ తెలివి! మానేస్తే మనమే పని వదిలినట్టు. అందరి కూలీ కోసుకుని షావుకారు పండక్కి ఇంకో పందిని కోస్తాడు," అన్నాడు వాడే.

"నిజమే. వాడికి కావాల్సిందీ అదే," అని ఒప్పుకున్నాడు సామ్.

మూలనుంచి ఫుక్ గొంతు వినిపించింది. ఫుక్ ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడకుండా ఉండలేడు.

"మనం మానడమెందుకురా? గోతిలోకి దిగి గొడుగు తెరవండి. మేస్త్రీయే మనల్ని పైకి తరుముతాడు."

కొట్టమంతా గొల్లున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గోతిలో గొడుగు తెరవకూడదు. చెప్పులతో దిగకూడదు. గొడుగు తెరిస్తే నేలలోని తగరం దేవత అలుగుతుంది, నల్లటి ఖనిజం ఉత్త ఇసుకైపోతుంది. మలయావాళ్ళ మంత్రగాడు వచ్చి, మేకని కోసి, శాంతి చేసేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. గోతిలో ఊటని పైకి తోడే నీటి చక్రాన్ని కూడా ఆపాలి. షావుకారు ఈ కట్టడిని ప్రాణంకంటే ఎక్కువగా చూసుకుంటాడు. మా వాళ్ళూ అంతే.

"వద్దురా, పాపం తగులుతుంది," అన్నాడొక ముసలాయన. "ఖనిజం పారిపోతే మనమంతా ఏం తింటాం?"

సామ్ ఆయన ముందుకెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. "బాబాయ్, నాకూ భయమే. కానీ ఒక్కటి చెప్పు. పారిపోయే ఖనిజం ఎవరిది? వాడిది. మన కూలి ఎప్పుడో పారిపోయింది. దాని కోసం ఏ మంత్రగాడన్నా మేకని కోశాడా?"

ముసలాయన గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత, "నాకో గొడుగు కావాలి" అన్నాడు.

మర్నాడు షావుకారు కొట్లో గొడుగులన్నీ అమ్ముడైపోయాయి. అన్నీ అప్పు మీదే. కొట్టు గుమాస్తా సంబరపడిపోయాడు. "ఏంట్రోయ్, అందరూ దొరల్లా గొడుగులు కొంటున్నారు?"

"వాన ఎక్కువైంది కదన్నా," అన్నాడు ఫుక్, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా.

ఆ మర్నాడు పొద్దున్నే గాట్లు పెట్టిన దుంగల మీదుగా అందరూ గోతిలోకి దిగారు. నేను టీ బిందెతో గట్టు మీదున్నాను, ఆడపిల్ల గోతిలో దిగకూడదు కాబట్టి. సామ్ మొదట తెరిచాడు. పసుపుపచ్చ నూనెకాగితం గొడుగు. తర్వాత ముసలాయన. తర్వాత గోతి నిండా గొడుగులు విచ్చుకున్నాయి.

మేస్త్రీ కేక వంటపాకదాకా వినపడింది. "పైకి రండ్రా! పైకి! ఒక్కడూ లోపల ఉండకూడదు!"

"మేం పని చేస్తామయ్యా," కింద నుంచి ఫుక్ అరిచాడు. "మమ్మల్ని ఎందుకాపుతున్నావ్?"

నీటి చక్రం ఆగింది. గోతి అడుగున ఊట చేరడం మొదలైంది.

మధ్యాహ్నానికి షావుకారు కుర్చీపల్లకిలో వచ్చాడు. చమటతో పట్టుచొక్కా వీపుకి అంటుకుపోయింది.

"శాంతి ఖర్చు, మునిగిన గోతి ఖర్చు, అంతా మీ కూలిలోంచి కోస్తాను!"

సామ్ ముందుకొచ్చాడు. "ఏ కూలిలోంచి, షావుకారూ?"

"మీ కూలిలోంచే!"

"అంటే మా కూలి ఉందన్నమాట. పండగరోజు పుట్టేది కాదన్నమాట. ఈరోజే ఉంది, నీ పెట్టెలో. మరి క్విట్ కూలి ఏమైంది?"

జనంలో ఒక హోరు లేచింది. సామ్ గొంతు పెంచాడు. "పాకలో ఉన్నవాడికి ముందు ఇవ్వు. తర్వాత మాకు నెలనెలా ఇవ్వు, ఎవడి చేతికి వాడికి. అందాకా నువ్వు శాంతి చేయించుకో. మేం కాచుకుంటాం. మేం పని వదల్లేదు, గుర్తుంచుకో."

"పండగ తర్వాత చూద్దాం," అని షావుకారు పల్లకి ఎక్కాడు.

క్విట్‌కి పండగ తర్వాత అన్నది లేదు. మంత్రగాడు ఇంకా ఏరు దాటి రాకముందే, వాపు గుండెకెక్కి అతను చచ్చిపోయాడు. పొద్దున నేను గంజి తీసుకెళ్ళేసరికి సామ్ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పడవ ఖర్చుకి ఎంతవుతుందో రాత్రంతా అడుగుతూనే ఉన్నాడట.

పాతిపెట్టి వస్తుంటే పోలీసు జవాన్లు ఎదురొచ్చారు. గని పాడు చేశాడని సామ్ మీద షావుకారు ఆ జిల్లాని ఏలే తెల్లదొరకి ఫిర్యాదు చేశాడు. సంకెళ్ళు వేస్తుంటే సామ్ ఒక్క మాటే అన్నాడు: "కొట్టంలోకి తిరిగి పోకండి. లోపల ఉంటే ఒక్కొక్కణ్ణి విడివిడిగా కొంటాడు."

ఎవరూ పోలేదు. దారి మీద బొగ్గుల పాక ముందే కూర్చున్నారు. కర్రపెండలం ఉడకేసుకుని తిన్నారు.

శాంతి అయింది. గోతిలోకి దిగేవాళ్ళే లేరు. అప్పుడు షావుకారు రేవుకి మనిషిని పంపి కొత్తవాళ్ళని తెప్పించాడు, అప్పుడే ఓడ దిగినవాళ్ళని. మా నాన్నతో పంది మాంసం వండించాడు. కొత్తవాళ్ళకి మొదటి భోజనం ఎప్పుడూ అంతే. మాంసం, సారా, ఒక పీల్పు నల్లమందు. తిన్న తర్వాతే ధర తెలుస్తుంది.

వాళ్ళు వరసగా కూర్చున్నారు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి ఉన్నారు. గిన్నెల్లోకి అన్నం వడ్డించేది నేనే.

"తినండ్రా, కడుపునిండా తినండి! షావుకారు పెడుతున్నాడు," అన్నాడు మేస్త్రీ.

మొదటివాడు గిన్నె చాపాడు. నా వయసే ఉంటుంది. గరిటె ఎత్తాను. చెవులు మండిపోతున్నాయి. గరిటె వెనక్కి పెట్టేశాను.

"అన్నా, ఇది ఊరికే పెట్టడం కాదు," అన్నాను.

"ఏయ్ పిల్లా!" అన్నాడు మేస్త్రీ.

"ఈ గిన్నె మీ మొదటి అప్పు. దీన్ని తీర్చడానికి ఏడాది తవ్వాలి. ఏడాది నిండే ముందు మీకు జబ్బు చేస్తే, ఆ కనపడే పాకలో పారేస్తారు. మొన్న ఒకాయన్ని పారేశారు. చచ్చిపోయాడు. ఆయన కూలి ఇంకా షావుకారు దగ్గరే ఉంది."

అంత పెద్ద మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. మేస్త్రీ బెత్తం నా భుజం మీద పడింది. రెండో దెబ్బకి మా నాన్న అడ్డొచ్చాడు. కుండ మీద మూత పెట్టేశాడు.

ఆ కుర్రాడు గిన్నెలోకి చూశాడు, కుండకేసి చూశాడు. "మరి ఆకలేస్తోందే, చెల్లీ?"

"దారి మీద కర్రపెండలం ఉంది. చాలదు. ఉన్నది పంచుకుంటాం."

వాడు గిన్నె నేలమీద బోర్లించాడు. పక్కవాడు మాంసం వాసన గట్టిగా పీల్చాడు, తనూ బోర్లించాడు. కొందరు మాత్రం కదల్లేదు, కుండకేసే చూస్తూ ఉండిపోయారు. వాళ్ళని తప్పుపట్టను. మిగతావాళ్ళు నా వెనకే నడిచారు. మేస్త్రీ వెనక నుంచి తిడుతూనే ఉన్నాడు.

పాక ముందు ఫుక్ లేచి నిలబడ్డాడు. "పెళ్ళివారు వచ్చారర్రా! పెండలం పెద్ద ముక్కలు నాకు, చిన్నవి చుట్టాలకి!" అన్నాడు. తన చేతిలో ముక్కని ఆ కుర్రాడికి అందించాడు.

ఏటి వైపు నుంచి జవాన్లు మళ్ళీ వస్తున్నారని ఎవరో చెప్పారు. ఎవరూ లేవలేదు. పాక ముందు జాగా చాల్లేదు. మేం జరిగి, కొత్తవాళ్ళకి చోటిచ్చి, దారికి అడ్డంగా కూర్చున్నాం.